సగం మెట్టు

మయిల్‌సామి పోయి రెండేళ్ళయింది. కోత్తగిరి టీ తోటల మధ్య జరిగిన కొండెక్కే కార్ల పోటీలో, రెండో పరుగులో, వానకు తడిసిన మలుపు దగ్గర అతని కారు తోక తిరిగి లోయలో పడింది. ఆ కారు వెనక స్వే బార్‌ను వంచి బిగించినవాడు వెళ్ళింగిరి. అతని షెడ్డు కోయంబత్తూరులో, గణపతి అనే పేటలో లేత్ షాపుల వరసలో ఉంది. కారు మలుపులో పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచాల్సిన ఆ కడ్డీయే మనిషిని మింగిందని, పోటీ కార్లతో పనున్న వాళ్ళంతా ఒకే గొంతుతో అన్నారు. వెళ్ళింగిరి అవుననలేదు, కాదనలేదు. ముప్ఫై ఏళ్ళ పేరు మూడు నెలల్లో మట్టిలో కలిసినా నోరు విప్పలేదు.

ఎందుకు విప్పలేదో ఇంతవరకూ కథ వెంట నడిచినవాళ్ళకు తెలుసు. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు మాటలు చెప్పి ముందుకు పోదాం.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బోల్టు ఎవరు బిగిస్తే వాళ్ళు దాని తల మీద తమ గోళ్ళ రంగుతో ఒక గీత గీయాలి. గీత చెదిరితే బోల్టు వదులైందని తెలుస్తుంది, రంగు చూస్తే బిగించిన చెయ్యి ఎవరిదో తెలుస్తుంది. వెళ్ళింగిరిది పసుపు. మయిల్‌సామి కూతురు, ఆ షెడ్డులోనే పని నేర్చిన కయల్విళిది గులాబీ. బార్ రెండు చివర్లా మూడేసి బెజ్జాలుంటాయి, బోల్టును ఎంత లోపలి బెజ్జంలో బిగిస్తే బార్ అంత గట్టిపడుతుంది. నుజ్జయిన కారు కింద నుంచి బార్‌ను విప్పిన రోజున, తాను మధ్య బెజ్జంలో బిగించిన ఎడమ బోల్టు లోపలి బెజ్జంలో కనిపించింది వెళ్ళింగిరికి. దాని తల మీద గులాబీ గీత ఉంది. గెలవాలన్న ఆశతో పిల్ల తనకు తెలియకుండా బార్‌ను గట్టి చేసిందని అతనికి అర్థమైంది. బార్‌ను గోనెపట్టాలో చుట్టి అటకెక్కించాడు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లతో, ఆ పని మీదేనమ్మణీ అని చెప్పడానికి అతనికి మనసొప్పలేదు. పదహారో రోజు కర్మ తరవాత ఆ ఇంటి గడప కూడా తొక్కలేదు. పిల్ల మొహం చూస్తే తన మొహంలో అంతా చదివేస్తుందని భయం.

రెండేళ్ళుగా ఇటు తొంగిచూడని కయల్విళి గత వారం భాగం చివర ఆ షెడ్డు గేటు ముందు కారాపింది. అదే కారు. లోయలోంచి తీసిన డొక్కుకు కొత్త తలుపులు, కొత్త పైకప్పు అతికించి, కిందివన్నీ పాతవే బాగుచేయించి నిలబెట్టింది. వెనక సీటు మీంచి పొడుగాటి అట్టపెట్టె దించి, ఇంకా పది రోజుల్లో అదే కొండ మీద పోటీ ఉందనీ, తాను పేరిచ్చాననీ చెప్పింది. అక్కడ ఆగాం.

ఇప్పుడు ఆ పెట్టె పనిబల్ల మీద ఉంది. అటువైపు కయల్విళి, ఇటువైపు వెళ్ళింగిరి. మధ్యలో పాపాత్తి తెచ్చిపెట్టిన రెండు టీ గ్లాసులూ, ఒక పళ్ళెంలో నాలుగు వరిక్కీ బిస్కెట్లూ ఉన్నాయి. పాపాత్తి వెళ్ళింగిరి భార్య. షెడ్డు వెనక గదే వాళ్ళ ఇల్లు కాబట్టి, ఇక్కడ పడిన స్పానరు చప్పుడు కూడా ఆమె చెవిన పడాల్సిందే. ఆ పూట ఆమె వంటింటి గుమ్మంలో చింతపండు పీచు తీస్తూ కూర్చుంది. తీసిన పీచే మళ్ళీ తీస్తోంది.

"కూర్చోండమ్మణీ" అన్నాడు వెళ్ళింగిరి. పొత్తిళ్ళలో పిల్లనైనా మీరు అని పిలిచే ఊరది.

కయల్విళి కూర్చోలేదు. వచ్చిన పని చెప్పింది. కారు బాగానే లాగుతోంది కానీ మలుపులో ముక్కు మాట వినడం లేదు. స్టీరింగు తిప్పినా నేరుగా బయటికి తోసుకుపోతోంది. వెనక బార్ లేనందువల్లే అలా ఉందని ఆమెకూ తెలుసు. ఒక షాపువాడు ఇరవై రెండు మిల్లీమీటర్ల బార్ వేస్తే తప్ప తిరగదన్నాడట. ఇంకొకడు పంతొమ్మిది చాలన్నాడట. మొదటివాడి మాట నమ్మి, జపాన్ నుంచి దిగుమతైన ఇరవై రెండు కొనుక్కొచ్చింది.

"ఈ కారు కడుపులో ఏముందో మీకు తప్ప ఇంకెవరికీ తెలీదు. అందుకే వచ్చాను. ఇంకేదీ అనుకోకండి."

ఇంకేదో అనుకుంటాడేమోనన్న బెంగ ఆమెకక్కర్లేదు. ఆ మాట అనిపించుకోవడమే తనకు ఎక్కువన్నట్టు వెళ్ళింగిరి తల ఊపి, కారు కింద గోనెపట్టా పరుచుకుని లోపలికి జరిగాడు. అరవై దగ్గర పడిన మోకాళ్ళు చప్పుడు చేశాయి.

కింద చాలాసేపు ఉన్నాడు. చూడాల్సింది అయిదు నిమిషాల్లో అయిపోయింది. మిగతా సేపు వెల్లకిలా పడుకుని ఊరికే చూస్తూ ఉండిపోయాడు. పదేళ్ళ కింద తాను వేసిన వెల్డింగులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఒకసారి రాయి తగిలి పడిన సొట్టను మయిల్‌సామి, ఇది నా సంతకం, తీయకు అని వదిలేయించాడు. అదీ అలాగే ఉంది. ప్రతి బోల్టు తల మీదా గులాబీ గీత ఉంది. వంకర లేకుండా, ఒకే కొలతగా, తాను నేర్పినట్టే గీసింది పిల్ల. వెళ్ళింగిరికి కళ్ళు నిండాయి. కారు కింద ఉన్న మనిషి కళ్ళు ఎవరికీ కనపడవు కాబట్టి తుడుచుకోకుండానే కాసేపు పడుకున్నాడు.

బయటికి వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టాడు. టైర్లు ఏవి, గాలి ఎంత పెడుతున్నారు, ముందు బార్ పాతదేనా, బుష్షులు రబ్బరువా గట్టివా. కయల్విళి పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుంటూ పోయింది. చివరికి అతను అసలు ప్రశ్న అడిగాడు.

"మలుపు మధ్యలో బెదురు పుడితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తారా, నొక్కి పడతారా?"

"తీస్తాను. నాన్నలాగే."

వెళ్ళింగిరి ఇరవై రెండు బార్‌ను పెట్టెలోంచి తీసి, రెండు చేతులతో తూచి, మళ్ళీ పెట్టెలోనే పడుకోబెట్టాడు. గోడకు వేలాడుతున్న పంతొమ్మిదిని దించి ఆమె ముందు పెట్టాడు. తాను వంచినదే, మూడు బెజ్జాలది. కంటికి మూడు మిల్లీమీటర్లే తేడా కానీ గట్టిదనంలో ఇరవై రెండు ఇంచుమించు రెండింతలని చెప్పాడు. వెనక ఎంత గట్టి చేస్తే ముక్కు అంత బాగా తిరుగుతుంది, అది నిజమే. కానీ కాలు తీసిన క్షణాన బరువంతా ముందుకు పోతుంది, తేలికైన తోక పట్టు వదిలి తిరుగుతుంది. పొడి రోడ్డు మీద అయితే పట్టుకోవచ్చు. తడి రోడ్డు మీద పట్టుకునే లోపల రోడ్డే ఉండదు. కాలు తీసే అలవాటున్న వాళ్ళకు ఇరవై రెండు వద్దు. ఈ పంతొమ్మిదిని రెండు వైపులా చివరి బెజ్జంలో, అంటే అన్నిటికన్నా మెత్తగా ఉండే బెజ్జంలో పెట్టి మొదలుపెట్టాలి. వాన పడితే బార్‌ను చక్రాల వైపు కలిపే లింకులు విప్పేసి, బార్ లేనట్టే నడపాలి.

"ఈ ఏడాది గెలవరు. కానీ ఆ మలుపు మీకు తెలుస్తుంది. వచ్చే ఏడాది ఒక బెజ్జం లోపలికి జరుపుదాం."

వచ్చే ఏడాది అన్న మాట నోటి నుంచి వచ్చాక అతనికే ఆశ్చర్యమేసింది. గుమ్మంలో పాపాత్తి చెయ్యి కూడా ఆగింది. ఈ షెడ్డులో వచ్చే ఏడాది అనే మాట విని చాలా కాలమైంది.

కయల్విళి ఆ పంతొమ్మిది వైపు చూసింది. తరవాత అతని వైపు చూసింది. రెండేళ్ళుగా గొంతులో పెట్టుకు తిరుగుతున్న మాట బయటికొచ్చింది.

"నాకేమో పంతొమ్మిది, చివరి బెజ్జం. మా నాన్నకేమో ఇరవై రెండు, రెండు వైపులా లోపలి బెజ్జం. ఇదేం లెక్క మామా? నేను ఆడపిల్లననా, లేక అప్పుడు లేని బుద్ధి ఇప్పుడొచ్చిందా?"

బుద్ధి సంగతి విని వెళ్ళింగిరికి కోపం రాలేదు. అలాంటివి ఊళ్ళో రోజూ వింటున్నాడు. రెండు వైపులా అన్న మాట దగ్గర అతని గుండెలో మంట లేచింది. ఎడమ వైపు తానే మార్చి, రెండు వైపులా మీవేనని తన మొహం మీదే ఎలా అనగలుగుతోంది ఈ పిల్ల? ఈ పిల్ల కోసమేనా తాను ఇంత పేరు పోగొట్టుకుని, టీ కొట్టు దగ్గర కూడా తల దించుకుని నిలబడుతున్నది? తల్లీతండ్రీ నేర్పని అబద్ధం ఎక్కడ నేర్చింది?

"రెండు వైపులా నేనే పెట్టానా అమ్మణీ?" అన్నాడు నెమ్మదిగా.

"మీరు కాక ఇంకెవరు?"

"ఎడమ వైపు?"

"ఎడమ వైపు మీరు మర్చిపోయారు. నేను సరిచేశాను."

అతనికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. కయల్విళి విసుక్కుంటూనే చెప్పింది. మొదటి పరుగు అయ్యాక విరామంలో, మబ్బు పట్టిందని మయిల్‌సామి కోసం వాన టైర్లు అడగడానికి వెళ్ళింగిరి పై గుడారాల వైపు పోయాడు. ఎప్పటిలాగే ఆమె కారు కింద దూరి అన్ని బోల్టులకూ స్పానరు వేసి చూసుకుంటూ వచ్చింది. వెనక బార్ దగ్గర ఆగిపోయింది. కుడి వైపు లోపలి బెజ్జంలో ఉంది. ఎడమ వైపు మధ్య బెజ్జంలో ఉంది. రెండిటి మీదా పసుపు గీతే.

"పన్నెండేళ్ళలో మీ చేతి కింద రెండు వైపులా రెండు రకాలుగా ఉండటం నేను చూడలేదు మామా. కుడి గీత కొత్తగా మెరుస్తోంది. ఎడమది పాతది. పొద్దున తొందరలో మామ ఒక వైపు జరిపి రెండోది మర్చిపోయాడనుకున్నాను. కొత్తగా పెట్టిందే మీరు కావాలనుకున్నదని, ఎడమది కూడా లోపలికి జరిపి నా గీత పెట్టాను. నాన్నకు చెప్పలేదు. వెళ్ళింగిరి అంతటివాడు ఒక వైపు మర్చిపోయాడని తెలిస్తే మీకు చిన్నతనంగా ఉంటుందని ఎవరికీ చెప్పలేదు."

వెళ్ళింగిరి పనిబల్ల అంచు పట్టుకున్నాడు.

అతను దేన్నీ మర్చిపోలేదు. దాన్ని అతను సగం మెట్టు అంటాడు. రెండు వైపులా మధ్య బెజ్జంలో ఉంటే ఆ కారుకు వెనక కాస్త మెత్తన. రెండు వైపులా లోపలి బెజ్జంలో ఉంటే మరీ గట్టి. ఒకటి మధ్యలో, ఒకటి లోపల పెడితే ఆ రెండిటికీ నడుమ సరిగ్గా కుదురుకుంటుంది. చూసినవాడు పొరపాటనుకుంటాడు. అనుకోవాలనే అతని కోరిక కూడా. పోటీ రోజున పక్క షెడ్ల వాళ్ళు టీ తాగుతున్నట్టు నటిస్తూ ఇతని కార్ల కిందికి తొంగిచూస్తారు. చూసి, ముసలాడికి చూపు మందగించిందని నవ్వుకుంటూ పోతారు. సాయంత్రం ఇతని కారే ముందుంటుంది. ఆ సంబరం అతనికి గెలుపు కన్నా ఎక్కువ. అందుకే ఆ రహస్యం పనివాళ్ళకు చెప్పలేదు, ప్రాణంలో ప్రాణమైన మయిల్‌సామికి చెప్పలేదు, తన చేతి కింద పెరిగిన పిల్లకు చెప్పలేదు. అన్నం తింటూ పాపాత్తి దగ్గర మాత్రం గొప్పలు పోయేవాడు.

చెప్పి ఉంటే పిల్ల చెయ్యి పెట్టేది కాదు. అంతే సంగతి. దీనికి ఇంకో వైపు లేదు.

రెండేళ్ళుగా అతని దుఃఖం అడుగున ఒక చిన్న తృప్తి ఉండేది. ఒకరి తప్పు తాను మోస్తున్నానన్న తృప్తి అది. ఊరు ఎన్ని మాటలన్నా రాత్రి పడుకునేముందు, నేను చేసింది కాదు, పిల్ల కోసం పడుతున్నాను అనుకుని ఒత్తిగిలేవాడు. ఇప్పుడు అదీ పోయింది. పిల్ల గెలుపు ఆశతో చెయ్యి పెట్టలేదు. తన మీద నమ్మకంతో పెట్టింది. తన పేరు కాపాడటానికి నోరు మూసుకుంది. అతను ఆమెను క్షమించానని అనుకుంటూ తిరిగాడు. క్షమాపణ అడగాల్సినవాడు తానేనని మయిల్‌సామి లేని ఈ షెడ్డులో నిలబడి ఇప్పుడు తెలుసుకున్నాడు.

"చెప్పండి మామా."

ఆమె గొంతు మారింది. ఇంతసేపూ నిలబడే ఉన్న పిల్ల స్టూలు లాక్కుని కూర్చుంది. బల్ల మీద రెండు చేతులూ పెట్టి, వాటినే చూస్తూ మాట్లాడింది.

"అప్పుడు నాకు స్పానరు వెయ్యడమే తెలుసు. ఇప్పుడు నేనే నడుపుతుంటే ఒక్కో బెజ్జం ఏం చేస్తుందో నడుముకు తెలుస్తోంది. ఒక్క వైపు జరిపినా కారు మారిపోతుంది. అది తెలిసిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు మామా. ఎడమ వైపు మీరు మర్చిపోయిందే కదా? మీరు లోపలే పెట్టాలనుకున్నారు కదా? ఆ మాట మీ నోట వినాలనే వచ్చాను. బార్ సంగతి ఎవరినడిగినా చెబుతారు."

అందుకన్నమాట వచ్చింది. పది రోజుల్లో పోటీ పెట్టుకుని, ఇరవై రెండు పెట్టె చంకన పెట్టుకుని, తండ్రిని చంపాడని తాను నమ్మిన మనిషి గేటు ముందు కారాపింది అందుకు. తప్పు అతనిదేనని తేలితే ఆమె బతుకుతుంది. కాదని తేలితే ఆ చేతులతో ఇక అన్నం కూడా తినలేదు. వెళ్ళింగిరికి అది పట్టపగలంత స్పష్టంగా కనిపించింది.

గుమ్మంలో పాపాత్తి లేచి నిలబడింది. ఆమెకు సగం మెట్టు తెలుసు. మొగుడి మొహం చూసి, అతను ఏం చెప్పబోతున్నాడో కూడా ఆమెకు తెలిసిపోయింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను ఆమె వైపు చూడలేదు.

"అవునమ్మణీ. రెండు వైపులా లోపలే పెట్టాలనుకున్నాను. ఎడమది మర్చిపోయాను. మీరు చేసింది సరైన పనే. కొలతే తప్పు. ఆ తప్పు నాది."

కయల్విళి చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపులో ఊరట ఉందని వెళ్ళింగిరికి తెలిసింది. ఆ తల మీద చెయ్యి వేయాలని ఉన్నా ధైర్యం చాలలేదు. పాపాత్తి మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. పిల్ల తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, పైట చెంగుతో మొహం తుడుచుకుని లేచింది. ఇప్పుడు ఆ మొహంలో ఏడుపు లేదు.

"ఈ ఒక్క ముక్క రెండేళ్ళ కిందట చెప్పుంటే మా అమ్మ ఇంకోలా ఉండేది."

"తెలుసమ్మణీ."

"కొలత తప్పని అప్పుడే తెలుసా?"

అతను తల దించుకున్నాడు. అబద్ధం ఒకటి చెప్పాక దాని వెనక రెండోది తయారుగా ఉండాలని అతనికి తోచలేదు. ఆమె ఆ మౌనాన్నే జవాబుగా తీసుకుంది. ఇరవై రెండు బార్‌ను పెట్టెలో సర్ది, మూత వేసి, చంకకెత్తుకుంది. పంతొమ్మిదిని వేలితో అతని వైపు నెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉండనీండి. మా నాన్నను చంపిన చెయ్యి చెప్పే కొలత నాకొద్దు. ఇరవై రెండే సాయంత్రం బయట బిగించుకుంటాను. ఏ బెజ్జమో నేనే చూసుకుంటాను."

కొలతకూ దానికీ సంబంధం లేదనీ, తన మీద కోపం కారు మీద చూపించొద్దనీ అతను ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. మీరు చెప్పింది విని ఒకరు పోయారు చాలదా అని, గేటు వైపు నడిచింది. పెట్టెను వెనక సీటులో పడేసిన చప్పుడు లోపలికి వినిపించింది. వెళ్ళింగిరి పంతొమ్మిది బార్‌ను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పాపాత్తి దగ్గరికొచ్చింది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"పిల్ల మనసు కాపాడారు. మంచిదే. పది రోజులకు ఆ లావుపాటి దానితో అదే మలుపుకు పోతుంది, బెదిరితే కాలు తీస్తుంది. అప్పుడు వాళ్ళమ్మకు ఏం చెబుతారు?"

బయట కారు స్టార్టయింది. వెళ్ళింగిరికి మోకాళ్ళు గుర్తు రాలేదు. బార్ కింద పడేసి, బల్లను తోసుకుంటూ పరిగెత్తాడు. కారు అప్పటికే వెనక్కి జరిగి రోడ్డు వైపు తిరుగుతోంది. ఎదురుగా వెళ్ళి బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. కయల్విళి బ్రేకు తొక్కింది. జరగమని చేత్తో సైగ చేసింది. అతను జరగలేదు. ఆమె అద్దం దించింది.

"దిగండమ్మణీ" అన్నాడు వెళ్ళింగిరి. ఆయాసంతో మాట సగం సగంగా వచ్చింది. "ఇందాక నేను చెప్పింది అబద్ధం."